మడి కట్టుకున్న ఇంజను

కొత్త లారీ డెలివరీ తీసుకునే రోజున ఓనరుకి జరిగే మర్యాద అంతా ఇంతా కాదు. అట్టతో చేసిన మూరెడు తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. కొబ్బరికాయ కొట్టనిస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించనిస్తారు. అద్దానికి పసుపు పూసి కుంకంబొట్లు పెడుతుంటే షోరూమంతా నిలబడి చప్పట్లు కొడుతుంది. బండి మీద కొడుకు పేరు రాయించుకోవచ్చు, ఇంటి దేవుడి బొమ్మ వేయించుకోవచ్చు, దిష్టి తగలకుండా వెనకాల పాతచెప్పు వేలాడదీసుకోవచ్చు. వీటిలో దేనికీ వారంటీ అడ్డురాదు. అడ్డల్లా ఒక్కదానికే: ఆ బండి ఆయిల్ ఫిల్టరుని ఆ బండి ఓనరు తన చేత్తో విప్పడానికి.

పూర్వం మన ఇళ్ళలో మడి అని ఒకటుండేది. తడిబట్ట కట్టుకుని నాయనమ్మ వంటకి దిగిందంటే ఆవిడ దరిదాపులకి మనవలు వెళ్ళకూడదు. పిల్లి వెళ్ళొచ్చు. ఆ పిల్లి పాలగిన్నెలో మూతిపెట్టినా మడి చెడదు. మనవడి చొక్కా అంచు తగిలిందా, మళ్ళీ నూతి దగ్గరికి. ఆ ఆచారం అంతరించిపోయిందని బెంగపెట్టుకున్నవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు. అదెక్కడికీ పోలేదు. కంపెనీవాళ్ళు తీసుకెళ్ళి డీజిల్ ఇంజనుకి కట్టారు. క్వారీ దుమ్ము తాకొచ్చు, కల్తీ డీజిలు తాకొచ్చు, సర్వీస్ సెంటర్లో నిన్న చేరిన కుర్రాడు తాకొచ్చు. నలభై లక్షలు పోసినవాడు తాకితే మాత్రం మైల.

బోర్డు మీద అంకెలు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. పెద్ద లారీలకి ఆరేళ్ళు, ఆరు లక్షల కిలోమీటర్లు అని రాసిన వారంటీలు ఇప్పుడు మామూలే. ఆ అంకెల పక్కన ఒక చిన్న చుక్క గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని వెళ్తే పుస్తకం చివర చత్వారం ఉన్నవాడికి కనపడని అక్షరాల్లో అసలు సంగతి దొరుకుతుంది. లారీలు కొనేది ఎక్కువగా చత్వారం వచ్చిన వయసువాళ్ళే. వాళ్ళకి ఆ పుస్తకం అందేది కూడా ఫైనాన్స్ కాగితాల మీద నలభై సంతకాలు పెట్టి వేళ్ళు నొప్పిపుట్టాక.

ఆ పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. మొదటి సగం ఒకాయన రాసినట్టు, రెండో సగం ఆయనంటే గిట్టనివాడు రాసినట్టు ఉంటుంది. మొదటి సగంలో డ్రైవరంత సమర్థుడు లోకంలో లేడు. రోజూ పొద్దున్నే బండి తీసే ముందు డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూడమంటుంది. కూలెంటు చూడమంటుంది. ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్ళు వదలమంటుంది. బెల్టు బిగువు, చక్రాల నట్లు, ఎయిర్ ఫిల్టరు ఇండికేటరు ఎర్రబడిందో లేదో అన్నీ ఆయన కళ్ళకే అప్పజెబుతుంది. డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న మర వదులుచేసి, వాటర్ సెపరేటర్లో దిగిన నీళ్ళు వంపేసి, మళ్ళీ బిగించమంటుంది. పేజీలు తిప్పి రెండో సగానికి వస్తే అదే మనిషి 'అనధికార వ్యక్తి'. ఫిల్టరు కింది మర తిప్పినప్పుడు బాధ్యతగల డ్రైవరు. దానికి జానెడు పైనున్న ఫిల్టరు డబ్బా తిప్పితే వారంటీ హంతకుడు. చెయ్యి అదే, పానా అదే, ఫిల్టరూ అదే. పుణ్యం పాపంగా మారడానికి జానెడు దూరం చాలు.

మరి మడిగల చేతులెవరివి? విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి వెళ్తే తెలుస్తుంది. లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి ఇంజను బోరింగు దాకా, కమాన్ కట్టల దగ్గర్నుంచి సీటు కుట్టడం దాకా అక్కడ దొరకని పనివాడు లేడు. నిరుటిదాకా అక్కడి రేకుల షెడ్డులో మేస్త్రికి పానాలందించిన కుర్రాడు ఈ ఏడు ఐటీఐ సర్టిఫికెట్ చూపించి సర్వీస్ సెంటర్లో చేరతాడు. నిరుడు వాడు ఆయిల్ మారిస్తే వారంటీ చచ్చేది. ఈ ఏడు వాడే మారిస్తే బతుకుతుంది. మధ్యలో వాడు కొత్తగా నేర్చుకున్న విద్యేమీ లేదు, జేబు మీద కంపెనీ గుర్తున్న చొక్కా వేశాడంతే. వాడికి పని నేర్పిన మేస్త్రి, బండి గేటు దాటి లోపలికొస్తున్న చప్పుడు విని ఏ సిలిండరు కొట్టట్లేదో చెప్పగలిగిన మనిషి, ఇప్పటికీ అనధికారమే. ఆయనకి ఆ చొక్కా ఇచ్చేవాళ్ళు లేరు.

సర్వీస్ సెంటర్ కౌంటరు దగ్గర రోజూ నడిచే నాటకం ఇలా ఉంటుంది. పాత్రలు రెండే. ఒకరు అరవై దగ్గరపడ్డ ఓనరు, రెండోవారు టై కట్టుకున్న సర్వీస్ అడ్వైజరు.

"ఆల్టర్నేటర్ పోయింది బాబూ. బ్యాటరీ ఛార్జి ఎక్కట్లేదు. బండి వారంటీలో ఉంది."

"చూస్తానండీ... మీది రెండో సర్వీసు మా దగ్గర పడలేదండీ."

"పడలేదు. రోడ్డు మీద ఉన్నాం, మీ సెంటర్లో నాలుగురోజుల దాకా ఖాళీ లేదన్నారు. ఇంటి దగ్గర నేనే మార్చుకున్నా. మీ కంపెనీ ఆయిలే, మీ కంపెనీ ఫిల్టరే. బిల్లులు ఇవిగో."

"అయితే కష్టమండీ."

"ఆల్టర్నేటర్లో ఇంజనాయిలు ఉంటుందా బాబూ?"

"ఉండదండీ."

"మరి?"

"సిస్టం తీసుకోదండీ."

సిస్టం అంటే ఎవరో, ఎక్కడుంటారో, ఏం తింటారో ఇంతవరకూ ఏ ఓనరూ చూడలేదు. అడ్వైజరు మంచివాడే. మేనేజరు ఇంకా మంచివాడు, టీ కూడా ఇప్పిస్తాడు. చెడ్డవాళ్ళంటూ ఆ బిల్డింగులో ఎవరూ లేరు. సిస్టం ఒక్కటే కఠినం. అది ఇంజనాయిలు వల్ల ఆల్టర్నేటరు పోతుందని నమ్ముతుంది. ఫిల్టరు బయట మారిస్తే వైపరు మోటారు మనసు కష్టపెట్టుకుంటుందని నమ్ముతుంది. ఇది యంత్రశాస్త్రం కాదని దానికీ తెలుసు. మైల ఒకచోట తగిలితే ఇల్లంతా పాకుతుందన్నది దాని సిద్ధాంతం.

ఇక 'ఫ్రీ సర్వీస్' అనే పండగ గురించి. ఫ్రీ అయ్యేది కూలి. ఆయిలుకి డబ్బులు, ఫిల్టర్లకి డబ్బులు, కూలెంటుకి డబ్బులు, 'కన్స్యూమబుల్స్' అన్న పద్దు కింద తుడిచిన గుడ్డకి, పూసిన గ్రీజుకి డబ్బులు. జాబ్ కార్డు మీద ముప్ఫై గళ్ళుంటాయి. అన్నిటిలోనూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో టిక్కులుంటాయి. గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టినట్టు ఒక టిక్కు. బండి కిందికి దూరి చూస్తే రెండు నిపుల్స్ మీద ఫ్యాక్టరీ రంగు ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. అయినా ఆ టిక్కుకి వారంటీ ఉంది. ఓనరు తన చేత్తో గ్రీజు గన్ను పట్టుకుని, పాత గ్రీజు అవతలి వైపు నుంచి బయటికొచ్చేదాకా కొట్టిన గ్రీజుకి లేదు. అన్నట్టు వాటర్ వాష్‌కి విడిగా ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు ఎప్పుడూ తప్పదు.

ఇదంతా చట్టమేమో అనుకుని మనవాళ్ళు తలవంచుకుని వెళ్ళిపోతుంటారు. కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద కలిపి రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకి అందనీయకుండా దడి కట్టారన్నది నేరం. ఆ ఉత్తర్వులోనే వారంటీ గురించి తేటగా చెప్పింది: బయటి మెకానిక్ దగ్గరికి వెళ్ళినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందనే గంపగుత్త షరతు పెట్టకూడదు. బయట చేసిన పని బాగోక ఏ మేరకు నష్టం జరిగిందో ఆ మేరకే, అదీ పరిస్థితులు సమర్థించినప్పుడే, వారంటీ ఆపొచ్చు. ఎంత మామూలు సంగతో చూడండి. ఏది చెడింది, దేనివల్ల చెడింది అని అడగమంది. ఎవరు ముట్టుకున్నారని అడగమనలేదు.

కంపెనీలు ఏం చేశాయంటే కోర్టుకెక్కాయి. కోర్టుకెక్కిన కాగితం ఎప్పుడు దిగుతుందో మనకి తెలిసిందే. ఈలోగా లారీలవాళ్ళు అడిగితే "అది కార్లకండీ" అంటారు. నిజమే, ఆ ఉత్తర్వు కార్ల మీద వచ్చింది. ఆ పద్నాలుగింటిలో లారీలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. కారు అమ్మే కౌంటరు దగ్గర తప్పయినది లారీ అమ్మే కౌంటరు దగ్గర ఒప్పు ఎలా అయిందో సిస్టంనే అడగాలి.

"మీరు వ్యాపారస్తులండీ, వినియోగదారులు కారు" అన్నది రెండో అస్త్రం. లారీ అంటే వాణిజ్య వాహనం, కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదని పెదవి విరుస్తారు. వాళ్ళ దురదృష్టం కొద్దీ సుప్రీంకోర్టు 1995లోనే, లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో, ఈ సంగతి తేల్చేసింది. ఉదాహరణకి కోర్టు ఎంచుకున్న వాటిలో లారీయే ఉంది. బతుకుతెరువు కోసం లారీ కొనుక్కుని స్వయంగా తిప్పుకునేవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దర్ని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు అంది. 2019 చట్టంలో కూడా స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నదాన్ని వాణిజ్య అవసరం కింద లెక్కకట్టకూడదని వివరణ ఉంది. యాభై లారీల ఫ్లీటు ఓనరు ఈ గొడుగు కిందికి రాడు, రానక్కర్లేదు కూడా. ఆయన ఫోన్ చేస్తే సిస్టం దానంతటదే తీసుకుంటుంది. ఒంటిలారీ మనిషికే శాస్త్రాలన్నీ.

సర్కారు వారు కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేశారు. వ్యవసాయ యంత్రాలు, సెల్‌ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు ఈ నాలుగింటి మీదా దృష్టి పెడతామన్నారు. ఆ ఏడు డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ ప్రారంభించారు. కంపెనీల కస్టమర్ కేర్ నెంబర్లు, సర్వీస్ సెంటర్ల వివరాలు ఒకచోట పెట్టారు. అంటే, సర్వీస్ సెంటర్ బాధ పడలేక రిపేరు హక్కు వెతుక్కుంటూ వెళ్ళినవాడికి సర్వీస్ సెంటర్ అడ్రసు దొరుకుతుంది.

అమెరికాలో ఈ తగువు యాభై ఏళ్ళ కిందటే ఒక దారికి వచ్చింది. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం ఇంటివాడకం సరుకులకి, వాటిలో పికప్ ట్రక్కులూ ఉన్నాయి, మా బ్రాండు ఫిల్టరే వాడాలి, మా దగ్గరే సర్వీసు చేయించాలి అని వారంటీకి ముడిపెట్టకూడదు. అలా పెట్టాలంటే అవి ఉచితంగా ఇవ్వాలి. ముడిపెడుతున్నారని 2018లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకి హెచ్చరిక లేఖలు రాసింది. 2022లో హార్లే-డేవిడ్‌సన్‌నే దారికి తెచ్చింది. ఫలితంగా మన భీమవరం కుర్రాడు డాలస్‌లో డీజిల్ పికప్ కొని, ఆదివారం యూట్యూబ్ చూస్తూ ఆయిల్ మార్చి, రసీదు కవర్లో దాచి, వారంటీతో సహా నిద్రపోతాడు. అంతకుముందు జన్మలో వాడు పానా పట్టి ఎరగడు. భీమవరంలో వాళ్ళ నాన్న, ముప్ఫై ఏళ్ళుగా లారీ కింద పడుకుని లేచినవాడు, తన బండి ఫిల్టరు ముట్టుకుంటే అనర్హుడు.

ఇంతవరకూ చదివి ఆటోనగర్ సోదరులు ఈలలు వేస్తుంటే ఒక్క నిమిషం ఆగాలి. కంపెనీ చెప్పేదాంట్లో పిసరంత నిజముంది, అది మింగకుండా మాట్లాడితే నాదీ సర్వీస్ సెంటర్ జాబ్ కార్డే అవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండి, మనం చిన్నప్పటినుంచీ చూసిన లారీ ఒకటి కాదు. పాత ఇన్‌లైన్ పంపు ఇంజను పెద్దమనసుది. బకెట్లో డీజిలు, గుడ్డతో వడకట్టు, ఏం పోసినా మింగి పరిగెత్తేది. ఇప్పటి కామన్ రైల్లో డీజిలు 1,600 బార్, ఆపై ఒత్తిడితో నిలుస్తుంది. ఇంజెక్టరు లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందమే డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుంది. అందుకే మేస్త్రుల పాత అలవాటొకటి ఇక్కడ కొంపముంచుతుంది. ఎయిర్ లాక్ కాకూడదని కొత్త డీజిల్ ఫిల్టరుని ముందే డబ్బాలోని డీజిలుతో నింపి బిగిస్తారు. ఆ పోసిన డీజిలు ఫిల్టరయ్యే వైపు పడకుండా, ఫిల్టరయి బయటికెళ్ళే వైపు పడిందంటే దాంట్లోని మట్టి నేరుగా ఇంజెక్టర్లకే నైవేద్యం. ఖాళీగా బిగించి, చేతిపంపు కొట్టి గాలి తీయాలి. భుజం నొప్పిపుడుతుంది, నిజమే. ఇంజెక్టర్ల సెట్టు ధర వింటే వేరేచోట పుడుతుంది.

ఆయిలు సంగతీ అంతే. బీఎస్6 బండికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. మామూలు ఆయిలు కాలితే మిగిలే బూడిద దాంట్లో పేరుకుంటుంది, మసిలాగా మళ్ళీ కాలిపోదు. అందుకని బూడిద తక్కువ మిగిల్చే సీకే-4 లాంటి గ్రేడు పోయమంటారు. "పాత బండికి పోసిందే, మిగిలిన అర డ్రమ్ము ఉంది కదా" అని పోసి, ఆరు నెలలకి ఫిల్టరు మూసుకుపోయాక వారంటీ అడగడం న్యాయం కాదు.

ఇక యూరియా. సైలెన్సరు దగ్గర నత్రజని ఆక్సైడ్ల విషం విరగ్గొట్టడానికి వాడే డెఫ్ అన్న ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగిలింది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. ఇంత సులువా అని హైవే పక్కన కొందరు మహానుభావులు పొలంలో చల్లే యూరియా బస్తా విప్పి బోరు నీళ్ళలో కలిపి బకెట్లకి స్టిక్కర్లు అంటించి అమ్ముతారు. 2015 నుంచి మన సబ్సిడీ యూరియా అంతటికీ వేపపూత ఉంటుంది, పక్కదారి పట్టకూడదనే ఆ పూత. ఆ వేపనూనె, బోరు నీళ్ళ సున్నం కలిసి వెళ్ళి కెటలిస్ట్ మీద కూర్చుంటాయి. వానాకాలంలో ఒక్క బస్తా కోసం రైతు తెల్లవారుజాము నుంచి క్యూలో చెప్పులు పెట్టి నిలబడుతుంటే, అదే బస్తా లారీ సైలెన్సరుని పాడుచెయ్యడానికి వెళ్తుంది. ఈ తెలివికి వారంటీ ఇవ్వమంటే నేను కూడా ఇవ్వను. సెన్సర్లని మోసం చేసే డబ్బా బిగించి యూరియానే ఎత్తేసినవాడి తరఫున వకాల్తా పుచ్చుకునే ఉద్దేశమూ లేదు. ఊరందరి ఊపిరితిత్తుల ఖర్చుతో వాడు కిలోమీటరుకి పైసలు మిగుల్చుకుంటున్నాడు.

అయితే ఒక్కటి గమనించాలి. పైన చెప్పిన ప్రతి తప్పుకీ ఆనవాలుంటుంది. ఆయిలు శాంపిలు తీసి ల్యాబ్‌కి పంపితే గ్రేడు తెలుస్తుంది. డెఫ్ చుక్క రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేస్తే అక్కడే గాఢత తేలుతుంది. ఇంజెక్టరు విప్పితే గీతలు కనపడతాయి. నిరూపించడం కంపెనీకి నిమిషాల మీద పని, చేతిలో యంత్రాలున్నాయి, ఇంజనీర్లున్నారు. తప్పు చేసినవాడిని పట్టుకోవడం ఇంత సులువైనప్పుడు చెయ్యి పెట్టినవాళ్ళందరినీ వెలివేయడం దేనికి? దేనికంటే, తప్పు వెతకాలంటే ఫిల్టరు కోసి చూడాలి. మైల అనడానికి నోరుంటే చాలు.

అసలు చిత్రం ఏమిటంటే ఈ బండి కంపెనీ దగ్గర దాచేదేమీ లేదు. దాంట్లో సిమ్ ఉంటుంది. ఏ దాబా దగ్గర ఎంతసేపు ఇంజను ఆపకుండా నిలబెట్టారో, ఏ ఘాట్‌లో ఎంత గట్టిగా బ్రేకు కొట్టారో, ఏ గేరులో ఎన్ని ఆర్‌పీఎం దాకా లాగారో క్షణక్షణం కబురు పంపుతుంది. క్లెయిము తోసిపుచ్చడానికి ఆ కబురు పనికొస్తుంది. అదే బండి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే, అది దేనికి వెలిగిందో ఓనరుకి చెప్పదు. లాప్‌టాప్ పెట్టాలి. లాప్‌టాప్ సర్వీస్ సెంటర్లో ఉంటుంది. బండి కొన్నది మీరు, దాని మనసులో మాట వాళ్ళకే.

ఆ లైటు ఎక్కడ వెలుగుతుందో కూడా చూడాలి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప ఐసు వేసుకుని హౌరా దాకా, ఇంకా అవతల అస్సాం దాకా లారీల్లోనే పోతుంది. రాత్రి ఒడిశాలో ఏదో ఊరి బయట డెఫ్ సెన్సరు అలిగిందనుకోండి. బీఎస్6 నియమం ప్రకారం మొదట హెచ్చరిక, తర్వాత ఇంజను లాగుడులో పావు వంతు కోత, అప్పటికీ సర్దుకోకపోతే చివరికి గంటకి 20 కిలోమీటర్లు. చేపకి ఈ నియమాలు తెలియవు, అది తన పద్ధతిలో తను కుళ్ళుతుంది. హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే సంగీతం వినిపించి, ఉదయం పదింటికి మా టెక్నీషియన్ బయల్దేరతాడంటారు. ఒక్కోసారి ఆ సెన్సరు కనెక్టరులో చేరిన తడి తుడిచి మళ్ళీ గుచ్చితే సరిపోతుంది. డ్రైవరుకి ఆ సంగతి తెలుసు. చెయ్యి పెడితే ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు. ఓనరుకి ఫోన్ చేస్తాడు. "ఏం చెయ్యమంటారండీ?" నలభై లక్షల బండి వారంటీ ఒక పక్క, లోడు మొత్తం చేప ఒక పక్క. కుళ్ళిన చేపకి పార్టీ బాడుగ ఇవ్వదు. బాడుగ రాలేదని ఫైనాన్స్ కంపెనీ కిస్తీ ఆపదు. డౌన్‌టైం అని వారంటీ పుస్తకంలో ఒక ముక్క ఉంటుంది, మాకు సంబంధం లేనివి అనే జాబితాలో.

అందుకని, సొంత చేత్తో పనిచేసుకునే మొండి మనుషులకి చెప్పేదొకటే. చెయ్యి పెట్టండి, కాగితంతో పెట్టండి. పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే, జీఎస్టీ బిల్లుతో కొనండి. బిల్లు మీద బండి నెంబరు రాయించండి. డబ్బా మీది బ్యాచి నెంబరు, ఆ రోజు మీటరు మీది కిలోమీటర్లు ఒకే ఫొటోలో పడేలా తీయండి. విప్పిన పాత ఫిల్టరు మీద తేదీ రాసి మూల పడేయండి, సీసాడు పాత ఆయిలు పక్కన పెట్టండి. ఇంజెక్టర్లు, పంపు, టర్బో జోలికి మాత్రం వెళ్ళొద్దు. అవి చెడితే కంపెనీయే బాగుచెయ్యాలి, అందుకే కదా ఆ బోర్డు మీద అంకెలు చూసి బండి కొన్నది.

ఇన్ని చేసినా కౌంటరు దగ్గర సిస్టం తీసుకోదనే అంటారు. అప్పుడు గొంతు పెంచనక్కర్లేదు, యూనియన్‌ని పిలవనక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఇంతే అడగాలి:

"సరే బాబూ. వారంటీ ఇవ్వం అన్నది కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసివ్వు. ఏ భాగం పోయింది, నేను చేసిన ఏ పని వల్ల పోయింది, అది ఏ పరీక్షలో తేలింది. మూడు లైన్లు చాలు. కింద సంతకం, స్టాంపు."

అడ్వైజరు లోపలికి వెళ్తాడు. మేనేజరు బయటికొస్తాడు. టీ వస్తుంది. రాతపూర్వకంగా ఇవ్వడం మా పద్ధతి కాదండీ అంటారు. పర్లేదు, బండి ఖరీదు 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషనే అడుగుతుంది, పాడైన ముక్కని ల్యాబ్‌కి పంపే అధికారం కూడా వాళ్ళకుంది అని టీ తాగుతూనే అనాలి. మేనేజరు మళ్ళీ లోపలికి వెళ్తాడు. ఎక్కడికో ఫోన్లు వెళ్తాయి. అరగంట తర్వాత నవ్వు మొహంతో తిరిగొస్తాడు.

"మా రీజనల్ ఆఫీసుతో మాట్లాడానండీ. రూల్ ప్రకారం కుదరదు గానీ, మీరు పాత కస్టమరు కదా అని గుడ్‌విల్ కింద ఆల్టర్నేటర్ వేసిస్తామండీ."

వేస్తారు. సాయంత్రానికి బండి బయటికొస్తుంది, చేతికి జాబ్ కార్డు ఇస్తారు. ఆల్టర్నేటరు ఉచితం. వాటర్ వాష్ మాత్రం ఎవరూ అడక్కుండానే చేసేశారు, దానికి పద్దెనిమిది శాతం జీఎస్టీ అదనం.